నవ్వు కూడా పనే!



ఒక చిన్న ప్రయోగంతో మొదలుపెడదాం. ఒక బక్కెట్టు నిండా నీళ్ళు పట్టండి. దాన్ని ఒక చేత్తో ఎత్తి, కదలకుండా అలాగే పట్టుకొని నిలబడండి. ఒక నిమిషం గడిచేసరికి చెయ్యి లాగుతుంది. రెండో నిమిషంలో భుజం నొప్పి పుడుతుంది. ఆ పైన "ఇక నా వల్ల కాదు" అని దింపేస్తారు.

ఇప్పుడు మీ భౌతికశాస్త్ర పుస్తకం తెరవండి. బలాన్ని, ఆ బలం దిశలో వస్తువు జరిగిన దూరంతో గుణిస్తే వచ్చేది పని. మీ బక్కెట్టు జరిగిన దూరం సున్నా. కాబట్టి దాన్ని పట్టుకొని నిలబడినంతసేపూ మీరు దానిమీద చేసిన పని కూడా సున్నా! మరి చెయ్యి ఎందుకు నొప్పి పుట్టినట్టు? పుస్తకంలో తప్పేమీ లేదు. బక్కెట్టు కదలకపోయినా మీ కండరాల్లోని పోగులు ఊరుకోలేదు. దాన్ని నిలిపి ఉంచడానికి అవి మాటిమాటికీ బిగుసుకుంటూ శక్తిని ఖర్చు పెడుతూనే ఉన్నాయి. ఆ శక్తి వేడిగా మారిపోయింది. పైకి చూస్తే ఏమీ జరగలేదు; లోపల మాత్రం ఖర్చు జరుగుతూనే ఉంది.

ఎన్నో ఏళ్ళుగా నేను ఈ పాఠం చెబుతున్నాను. అయినా, పైకి కనిపించకుండా లోపల ఖర్చయ్యే పని ఇంకొకటి ఉన్నదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దాన్ని నాకు మొదట చూపించింది బట్టల దుకాణంలో పనిచేసే మా పాత విద్యార్థిని. అదేమిటో అర్థమయ్యేటట్టు చెప్పింది అమెరికాకు చెందిన ఒక సమాజశాస్త్రజ్ఞురాలి పుస్తకం.

పంచె కొనబోయి...

కిందటేడు దసరాకు ముందు పంచె కొనడానికి పక్క పట్టణంలో ఒక బట్టల దుకాణానికి వెళ్ళాను. కౌంటరు వెనక నిలబడ్డ అమ్మాయి నన్ను చూసి "నమస్కారం మాష్టారూ!" అంది. నాలుగేళ్ళ క్రితం మా బడిలోనే పదో తరగతి చదివిన పిల్ల. నాకోసం పదిహేను పంచెలు విప్పి చూపించింది. ఒకదానికి అంచు పెద్దదన్నాను. ఒకదానికి నేత ముతకన్నాను. ఒకటి ధర ఎక్కువన్నాను. ఆ అమ్మాయి ముఖం మీద చిరునవ్వు చెదరలేదు. చివరికి ఏమీ కొనకుండానే లేచాను. "మళ్ళీ రండి మాష్టారూ" అని అదే నవ్వుతో సాగనంపింది.

రాత్రి తొమ్మిది దాటాక బస్టాండులో ఆ అమ్మాయే కనిపించింది. నేను పలకరింపుగా నవ్వాను. ఆమె నా వంక చూసింది. తల కొంచెం ఊపింది. నవ్వలేదు. వెళ్ళి ఓ మూల బెంచీ మీద కూర్చుంది. నాకు మనసు చివుక్కుమంది. "చదువు చెప్పిన మాష్టారిని చూసి నవ్వడానికేం కష్టం? బేరం పోయిందని కోపం కాబోలు" అనుకుంటూ ఇల్లు చేరాను.

ఆ అనుకోవడం ఎంత తప్పో చెప్పడానికే ఈ వ్యాసం.

వేరుసెనగ గింజలు పంచిన పిల్ల

ఆర్లీ రస్సెల్ హోక్‌షిల్డ్ 1940లో అమెరికాలోని బోస్టన్ నగరంలో పుట్టారు. తండ్రి విదేశాంగ శాఖ ఉద్యోగి కావడంతో ఇంట్లో జరిగే విందులకు దేశదేశాల దౌత్యవేత్తలు వచ్చేవారు. పన్నెండేళ్ళ ఆర్లీ వేరుసెనగ గింజల పాత్ర పట్టుకొని అతిథుల మధ్య తిరిగేది. చిన్నపిల్ల కదా, వాళ్ళ ముఖాలను కిందనుంచి పైకి చూసేది. అలా చూస్తే పెద్దల నవ్వులు వేరుగా కనిపిస్తాయి! విందు ముగిశాక అమ్మా నాన్నా కూర్చుని, ఎవరి నవ్వు బిగుసుకుపోయిందో, ఎవరి చూపు పక్కకు తప్పుకుందో చెప్పుకొని వాటికి అర్థాలు తీసేవారు. అవి ఒక మనిషి ఇంకొక మనిషికి ఇచ్చిన నవ్వులే కావనీ, ఒక దేశం మరొక దేశానికి పంపిన కబుర్లు కూడాననీ ఆ పిల్లకు తెలిసివచ్చింది. అయితే ఆ నవ్వులో మనిషి పాలెంత, ఉద్యోగం పాలెంత? ఈ ప్రశ్న ఆమెను వదలలేదు.

పెద్దయ్యాక ఆమె బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం బోధించారు. "భావాలు మనసుకు సంబంధించినవి కదా, వాటితో సమాజశాస్త్రానికేం పని?" అని మీరు అడగవచ్చు. 1974లో ఆమె అక్కడి విద్యార్థులు 261 మందికి ఒక ప్రశ్నపత్రం ఇచ్చారు. మార్కుల కోసం కాదు లెండి! మీకు గాఢమైన భావం కలిగిన ఒక సందర్భాన్ని వర్ణించండి. సందర్భానికి తగినట్టు మీ భావాన్ని మార్చుకున్న సంఘటన ఒకటి రాయండి అని అడిగారు. జవాబులు చూస్తే, కోపాన్ని అణచుకున్నవారు, బలవంతాన సంతోషం తెచ్చుకున్నవారు, నిరాశ పడకూడదని మనసుకు నచ్చజెప్పుకున్నవారు ఎందరో కనిపించారు. అంటే భావం తుమ్ములాగా దానంతట అది వచ్చి పోయేది మాత్రమే కాదన్నమాట. దానిమీద మనం పని చేస్తాం. ఆ పని చేయమని మనకు చెప్పేది మన చుట్టూ ఉన్న సమాజం.

1979లో ప్రకటించిన ఒక పరిశోధనా వ్యాసంలో ఆమె దీనికి "భావ నియమాలు" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఎక్కడ, ఎంతసేపు, ఏ భావం తగునో చెప్పే నియమాలు ఇవి. ఎవరూ గోడమీద రాసి పెట్టరు గాని, తప్పితే అందరికీ తెలుస్తుంది. మన పెళ్ళిళ్ళే చూడండి. తలంబ్రాలప్పుడు పెళ్ళికూతురు నవ్వాలి. అప్పగింతలప్పుడు ఏడవాలి. రెండూ తారుమారైతే పందిట్లో గుసగుసలు మొదలవుతాయి! భాషకు వ్యాకరణం ఉన్నట్టే భావాలకూ ఉన్నదన్నమాట.

విమానంలో చిరునవ్వు

ఇంతవరకు ఇంటి సంగతి, చుట్టాల సంగతి. ఇక్కడే హోక్‌షిల్డ్ అసలు ప్రశ్న వేశారు: ఈ భావాల పనిని జీతానికి చేయవలసి వస్తే ఏమవుతుంది?

జవాబు కోసం ఆమె డెల్టా విమాన సంస్థను ఎంచుకున్నారు. అట్లాంటా నగరంలో ఆ సంస్థ ఎయిర్ హోస్టెస్‌లకు నడిపే శిక్షణ కేంద్రానికి వెళ్ళి తరగతుల్లో కూర్చున్నారు. ఉద్యోగుల్ని, శిక్షకుల్ని, అధికారుల్ని కలిసి మాట్లాడారు. ప్రమాదం జరిగితే ప్రయాణికుల్ని ఎలా కాపాడాలో అక్కడ నేర్పేవారు. దానితోపాటు ఇంకొకటి కూడా నేర్పేవారు: నవ్వే మీ ఆస్తి, దాన్ని వాడుకోండి అని. ఆ నవ్వు అతికించినట్టు ఉండకూడదు, నిజంగా లోపలినుంచి రావాలి! అందుకు ఉపాయాలు కూడా చెప్పేవారు. విమానాన్ని మీ ఇంటి ముందుగది అనుకోండి, ప్రయాణికులు మీ ఇంటికి వచ్చిన చుట్టాలనుకోండి. ఎవరైనా కసురుకుంటే వాణ్ణి చిన్నపిల్లవాడు అనుకోండి. లేదా విమానం ఎక్కడం భయమేమో, ఇంట్లో ఏ కష్టం జరిగిందో అనుకోండి. అప్పుడు మీకు కోపం రాదు.

హోక్‌షిల్డ్ ఇందులో రెండు రకాలు చూపించారు. లోపల ఏమున్నా ముఖాన్ని మాత్రమే మార్చుకోవడం "పైపై నటన". లోపలి భావాన్నే మార్చుకోవడానికి ప్రయత్నించడం "లోతైన నటన". రష్యన్ నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ తన నటులకు నేర్పినది ఈ రెండోదే. నటుడు మూడు గంటలు ఆడి, వేషం తీసేసి ఇంటికి పోతాడు. చప్పట్లు కూడా కొడతారు. ఎయిర్ హోస్టెస్ ఆడే నాటకానికి తెర పడదు. అది నాటకమని ఎవరికీ తెలియదు కూడా.

పైపై నటనను కనిపెట్టడం గురించి శరీరశాస్త్రంలో ఒక ముచ్చట ఉంది. ఫ్రెంచి వైద్యుడు దుషేన్ 1862లో ముఖ కండరాల గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. పెదవి కొనల్ని పైకి లాగే కండరం మనం చెప్పినట్టు వింటుంది. కంటి చుట్టూ ఉండే కండరం మాత్రం నిజమైన ఆనందంలో కదిలినంత సులభంగా మన ఆజ్ఞకు కదలదు అని ఆయన గమనించాడు. "పెదవులు నవ్వాయి గాని కళ్ళు నవ్వలేదు" అని మన ఇళ్ళలో అంటారే, అదే ఇది.

హోక్‌షిల్డ్ పరిశోధన చేసిన కాలానికి అమెరికా విమానాలలో రద్దీ పెరిగింది. ఒక్కొక్కరు చూసుకోవలసిన ప్రయాణికుల సంఖ్య పెరిగింది, చేతిలో ఉన్న సమయం తగ్గింది. జీతగాళ్ళ నుంచి కోరే నవ్వు మాత్రం తగ్గలేదు. అప్పటి సంఘటన ఒకటి ఆమె తన పుస్తకంలో చెప్పారు. ఒక ప్రయాణికుడు ఎయిర్ హోస్టెస్‌ను పట్టుకొని, నువ్వెందుకు నవ్వడం లేదని నిలదీశాడట. ఆమె చేతిలోని పళ్ళెం పక్కన పెట్టి, ముందు మీరు నవ్వండి, తరవాత నేను నవ్వుతానంది. అతడు నవ్వాడు. బాగుంది, ఇక కదలకుండా అలాగే 15 గంటలు ఉంచండి అని చెప్పి ఆమె తన దారిన వెళ్ళిపోయింది!

చూశారా! మన బక్కెట్టు ప్రయోగం ఇదే. ఎత్తడం పెద్ద కష్టం కాదు. పట్టుకొని ఉండటమే కష్టం.

దీన్నంతా హోక్‌షిల్డ్ 1983లో "ద మేనేజ్డ్ హార్ట్" అనే పుస్తకంగా ప్రచురించారు. జీతం కోసం భావాలను అదుపు చేసే పనికి ఆమె పెట్టిన పేరును తెలుగులో "భావశ్రమ" అనవచ్చు. అమెరికా శ్రామికుల్లో సుమారు మూడోవంతు మందికి, ఉద్యోగం చేసే ఆడవాళ్ళలో సుమారు సగం మందికి ఈ శ్రమ తప్పదని అందులో ఆమె అంచనా కట్టారు. అన్నిచోట్లా కోరేది నవ్వే అనుకోకండి. అదే సంస్థలో బాకీలు వసూలు చేసేవారిని కూడా ఆమె కలుసుకున్నారు. వాళ్ళు చేయవలసింది దీనికి సరిగ్గా తలకిందులు: అవతలివాడి మీద జాలి కలిగినా దాన్ని తొక్కిపెట్టి గద్దించాలి.

మర్యాదకూ దీనికీ తేడా ఏమిటి?

"నవ్వుతూ మాట్లాడటం మర్యాద. దానికి ఇంత రాద్ధాంతమా?" అని మీలో ఎవరైనా అనవచ్చు. మంచి ప్రశ్న. నేను కూడా మొదట అలాగే అనుకున్నాను.

మీ స్నేహితురాలికి బహుమతి వచ్చింది, మీకు రాలేదు. కడుపులో కొంచెం మంటగానే ఉంటుంది. అయినా నవ్వి అభినందిస్తారు. రేపు మీకు వస్తే ఆమె నవ్వుతుంది. ఇది ఇచ్చిపుచ్చుకోవడం. ఇద్దరూ సమానం. ఇష్టం లేకపోతే ఒకరోజు మూతి ముడుచుకుని కూర్చునే స్వేచ్ఛ కూడా ఇద్దరికీ ఉంది. దుకాణంలో అలా కాదు. కొనేవాడు కసరవచ్చు, అమ్మే అమ్మాయి కసరకూడదు. అతడు పదిహేను పంచెలు విప్పించి లేచిపోవచ్చు, ఆమె మాత్రం నవ్వాలి. ఈ రోజుల్లో ఇంటికి అన్నం పొట్లం తెచ్చే అబ్బాయికి మనం ఫోనులో నక్షత్రాలు వేస్తాం. అతడు మనకు వేసే నక్షత్రాల మాట మనం ఆలోచిస్తామా? తేడా నవ్వులో లేదు. ఆ నవ్వును ఆపుకునే హక్కు ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నదానిలో ఉంది.

ఇందులోనూ ఆడ, మగ తేడా ఉన్నదని హోక్‌షిల్డ్ గమనించారు. ఒకే యూనిఫారం వేసుకున్నా, ప్రయాణికులు తమ చిరాకును ఆడవాళ్ళ మీద ఎక్కువ చూపేవారు. మగవాడు వచ్చి అదే మాట చెబితే సద్దుమణిగేవారు. సమాజంలో ఎవరికి ఎక్కువ గౌరవం ఉంటే, ఆ గౌరవం వారికి కవచంలాగా పనిచేస్తుందన్నమాట.

ఒక సంగతి మరువకూడదు. నవ్వే ఉద్యోగాలన్నీ హాని చేస్తాయని ఆమె చెప్పలేదు. తమ పనిని గర్వంగా చెప్పుకున్నవారు కూడా ఆమెకు కనిపించారు. కాని ప్రమాదం ఎక్కడుందో చూపించారు: రోజల్లా ఆజ్ఞకు నవ్వి నవ్వి, చివరికి తన నవ్వు ఏదో, సంస్థ నవ్వు ఏదో తెలియని స్థితికి కొందరు చేరుతున్నారు. లోపల ఒకటి, ముఖం మీద ఒకటి పెట్టుకొనే పైపై నటనకూ, ఉద్యోగపు అలసటకూ సంబంధం ఉన్నదని తరవాతి పరిశోధకులు ఎన్నో దేశాలలో గమనించారు. 1993లో గ్రాస్, లెవెన్‌సన్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగం ఒకటి మీకు నచ్చుతుంది. ఒళ్ళు జలదరించే ఒక చిన్న సినిమాను కొందరికి మామూలుగా చూపించారు. ఇంకొందరికి, మీకేమనిపిస్తున్నదో ఎవరికీ తెలియకుండా ముఖం పెట్టండి అని చెప్పి చూపించారు. వీళ్ళ ముఖం దాచగలిగింది గాని, చర్మం మీద చెమట తీరును కొలిచే పరికరం దాచనివ్వలేదు. శరీరం లోపల అలజడి ఎక్కువగానే నమోదైంది. మళ్ళీ మన బక్కెట్టే!

నా అభిప్రాయం

కాబట్టి నేను చెప్పేది ఇది. ఓపిక కూడా శ్రమే. మూట మోసే చేతిని చూసి "పాపం, బరువు" అంటాం. మరి వంద మంది చిరాకును మోసే ముఖాన్ని చూసి ఏమంటాం? "జీతం తీసుకోవడం లేదా" అంటాం. ఆస్పత్రిలో నర్సు, బస్సులో కండక్టరు, ఫోనులో మన ఫిర్యాదు వినే గొంతు, అంగన్‌వాడీలో ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టే టీచరు, వీళ్ళందరి పనిలో సగం మన లెక్కలో లేదు.

లెక్కలోకి తేవడం అసాధ్యమా? కాదు. దుకాణాలలో పనిచేసేవారు పొద్దస్తమానం నిలబడే ఉండాలన్న పద్ధతి చాలాకాలం ఎవరికీ తప్పుగా తోచలేదు. వాళ్ళే పోరాడారు. 2018లో కేరళలో, 2021లో తమిళనాడులో, వాళ్ళు కూర్చోవడానికి వీలు ఉండాలని చట్టాలు సవరించారు. కాళ్ళకు అలసట ఉంటుందని ఆ చట్టాలు ఒప్పుకున్నాయి. ముఖానికి కూడా ఉంటుందని ముందు మనం ఒప్పుకోవాలి. చట్టం సంగతి తరవాత. అరిచే కొనుగోలుదారు ముందునుంచి ఐదు నిమిషాలు పక్కకు పోయే వీలు, ఎవరూ చూడని చోట కూర్చుని మంచినీళ్ళు తాగే వీలు ఇవ్వడానికి ఏ యజమానికైనా పెద్ద ఖర్చేమీ కాదు.

మరి నా సంగతి? మేము ఉపాధ్యాయులం కూడా భావ నియమాలు విధించేవాళ్ళమే. "మగపిల్లాడివి, ఏడుస్తావేం?" అని నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఇన్‌స్పెక్షన్ రోజున "అందరూ నవ్వుతూ ఉండండి" అని క్లాసులో చెప్పేవాణ్ణి. మూడో బెంచీలో ఎవరి ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. ఇప్పుడు ఆ మాటలు మానేశాను. మౌనంగా ఉండమంటాను, శ్రద్ధగా వినమంటాను. ముఖం ఎలా ఉండాలో మాత్రం చెప్పను. అది పిల్లవాడి సొంతం.

మీరు చేయవలసిన ప్రయోగం

ఒక ఆదివారం నోటు పుస్తకం తీసుకోండి. పేజీ మధ్యలో గీత గీయండి. ఉదయం నుంచి రాత్రి వరకు, ఒకవైపు మీ భావాన్ని మీరు ఎన్నిసార్లు దాచుకున్నారో, మార్చుకున్నారో, ఎవరి కోసమో రాయండి. రెండోవైపు, మీకోసం ఎవరు తమ కోపాన్ని, అలసటను దాచుకున్నట్టు మీకు తోచిందో రాయండి. పాలు పోసే ఆయన్ను మరువకండి. ఇంట్లో వాళ్ళను కూడా రాయండి. కాని ఒక జాగ్రత్త! శాస్త్రంలో మాటను ఎక్కడ పడితే అక్కడ వాడకూడదు. అంట్లు తోమడం, సామాన్ల జాబితా గుర్తు పెట్టుకోవడం అన్నీ భావశ్రమే అని జనం అంటూ ఉంటే, అలా అర్థాన్ని సాగదీయకండని 2018లో హోక్‌షిల్డే హెచ్చరించారు. అవీ శ్రమే, కాని భావాన్ని అదుపు చేయవలసి వచ్చినప్పుడే అది భావశ్రమ. "పని" అనే మాటకు భౌతికశాస్త్రంలో ఒకే అర్థం ఉన్నట్టే.

రాత్రి రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఏది పెద్దదో మీకే తెలుస్తుంది.

ఇక చివరి మాట. సంక్రాంతికి మళ్ళీ అదే దుకాణానికి వెళ్ళాను. ఈసారి మూడే పంచెలు చూసి ఒకటి తీసుకున్నాను. మిగతా రెండూ మడతపెట్టడానికి చెయ్యి వేశాను. నా మడతలు ఆ అమ్మాయికి నచ్చలేదు. నవ్వుతూ తీసుకుని తానే సరిచేసింది. "ఆ రోజు బస్టాండులో నామీద కోపం వచ్చిందా అమ్మా?" అని అడిగాను.

"అయ్యో, కోపమేమిటి మాష్టారూ! షాపు మెట్లు దిగాక ముఖానికి సెలవిచ్చేస్తాను. అంతే" అంది.

పొద్దుటి నుంచి పట్టుకున్న బక్కెట్టును ఆ రాత్రి ఆమె బస్టాండులో దింపింది. దాన్ని మళ్ళీ ఎత్తమని అడగబోయినవాణ్ణి నేను. మీరు అలా అడగకండి. బస్సులో ఎదురుగా కూర్చున్న మనిషి నవ్వడం లేదంటే, ఆయన పని వేళ అయిపోయిందేమో అనుకోండి. వీలైతే కొంచెం జరిగి చోటివ్వండి.